ఆదివారం దాకా పొక్కనివ్వను

ఆవిడని పనిచేసే లాండ్రీలోనూ వీధిలోనూ అందరూ అమ్మోగారు అనే పిలుస్తారు. నోరు తెరిస్తే ముందు వచ్చే మాట అదే కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. నాలుగు చినుకులు పడితే "అమ్మో, వరద". ఎవరైనా తుమ్మితే "అమ్మో, న్యుమోనియా". తలుపు కాస్త గట్టిగా తడితే "అమ్మో, పోలీసులు".

అందుకే ఇంట్లో ఆవిడకి ఎవరూ ఏదీ చెప్పరు. భర్త సిటీ బస్సు డ్రైవరు. దారిలో టైరు పేలినా ఇంటికొచ్చి "ఇవాళ ట్రాఫిక్కు" అని ఊరుకుంటాడు. కూతురు కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా "నిద్ర చాల్లేదమ్మా" అంటుంది. చెప్పరు కాబట్టి ఆవిడ ఊహించుకుంటుంది, ఊహించుకుంటుంది కాబట్టి వాళ్ళు చెప్పరు. ఏదో ఒక రోజు, చిన్నదైనా పెద్దదైనా ఒక్క విషయం పిల్ల తనంతట తాను వచ్చి తనకే ముందు చెప్పాలి. అమ్మోగారికి అంతకు మించి కోరికలు లేవు.

గురువారం సాయంత్రం ఆవిడ బాల్కనీలో ఆరేసిన బట్టలు తీస్తోంది. లోపల కూతురు ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడుతోంది. ఎవరైనా గొంతు తగ్గిస్తే అమ్మోగారి చెవులు రెట్టింపు పనిచేస్తాయి.

"లేదు సార్, ఇంతవరకూ ఎక్కడా పొక్కలేదు. ఆదివారం దాకా పొక్కనివ్వను, నాదీ పూచీ. తెలుసు సార్, ఇప్పుడుగానీ పొక్కిందంటే మన కష్టమంతా మట్టిపాలే. అమ్మకా? భలేవారే! అమ్మకి తెలిస్తే నన్ను గడప దాటనిస్తుందా?"

చేతిలో క్లిప్పులు జలజలా రాలిపోయాయి.

బయటికి పొక్కకూడని విషయం. ఆదివారం. ఎవరో సారు. గడప దాటడం. ఈ నాలుగు ముక్కల్నీ అతకడానికి ఆవిడకి ఆట్టే సమయం పట్టలేదు. అమ్మో, రహస్యంగా పెళ్ళి!

పిల్ల రోజూ తెల్లవారుతూనే మైదానానికి వెళ్ళి పరిగెత్తొస్తుందని ఆవిడకి తెలుసు. ఒళ్ళు తేలిక పడటానికేలే అనుకుంది. ఇప్పుడు తల కొట్టుకుంది. ఒళ్ళు తేలిక పడటానికి ఎవరైనా అంత పొద్దున్నే లేస్తారా!

మర్నాడు కూతురు షాపుకి వెళ్ళగానే బీరువా తెరిచింది. కింది అరలో బట్టల వెనకాల ఒక సంచి. ముందుగా బయటపడింది ఒక అట్టపెట్టె, అందులో ఒక జత బూట్లు, కొత్తవి. అడుగున సైజు చూసింది. పిల్ల వేసుకునే సైజు కాదు, దానికన్నా పెద్దది. పైగా పెట్టె మీద మగవాడి బొమ్మ.

"అమ్మో, వాడి బూట్లు కూడా ఇంట్లోకి వచ్చేశాయి!"

తర్వాత ఒక చిత్రమైన మేజోళ్ళ జత వచ్చింది. ఒక్కోదానికి ఐదేసి వేళ్ళు విడివిడిగా కుట్టి ఉన్నాయి. ఇవి మేజోళ్ళని ఆవిడకి తోచలేదు. చేతి తొడుగులనుకుని వేసుకుని చూసింది. వేళ్ళు సగానికి కూడా రాలేదు. అంత పెద్ద పాదాలు, ఇంత పొట్టి వేళ్ళు! ఆ రూపంలో ఒక అల్లుణ్ణి ఊహించుకునేసరికి ఆవిడ కళ్ళు తిరిగి మంచం మీద కూలబడింది.

సంచిలో ఇంకా ఉన్నాయి. డబ్బా నిండా జిడ్డు. వెడల్పాటి ప్లాస్టరు చుట్ట. చిన్న స్పిరిట్ సీసా. కాగితంలో సీలు వేసిన సూదులు. సూదులు చూశాక పెళ్ళి సంగతి కాసేపు పక్కకి పోయి, మత్తుమందుల ముఠా కళ్ళముందు నిలబడింది. ఆ వెంటనే రెండూ కలిసిపోయాయి. మత్తుమందుల ముఠావాడితోనే పెళ్ళి.

లాండ్రీలో ఆవిడ పక్కన కూర్చుని బట్టలకి నంబరు చీటీలు కుట్టే మనిషిని అందరూ నంబర్ల వదిన అంటారు. చేతిలో ఇస్త్రీపెట్టె ఆవిరి వదులుతూ బుసకొడుతుంటే అమ్మోగారు ముక్కు చీదుకుంటూ జరిగింది జరిగినట్టు, జరగనిది కూడా జరిగినట్టు చెప్పుకొచ్చింది.

"ఆదివారం రిజిస్టరాఫీసు మూసి ఉంటుందిగా వదినా?" అంది చివర్లో, కాస్త ఆశగా.

"మూసి ఉంటుంది కాబట్టే ఎవరికీ అనుమానం రాదు," అంది నంబర్ల వదిన, దారం పళ్ళతో కొరుకుతూ. "నువ్వు మాత్రం నిలదియ్యకు. నిలదీస్తే ఆదివారం దాకా ఎందుకని ఇవాళే పోతుంది."

"మరేం చెయ్యను?"

"మీ ఆయన్ని కదిలించు. ఇలాంటివి తండ్రులకి ముందే తెలుస్తాయి. చొక్కా, చూసుకో, చొక్కా!"

ఎవరిదో తెల్ల చొక్కా జేబు మీద ఇస్త్రీపెట్టె అచ్చు గోధుమరంగులో పడిపోయి ఉంది.

ఆ సాయంత్రం బస్సు డ్రైవరు భోజనానికి కూర్చోగానే ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏమండీ, మీకు తెలుసు కదూ?"

"ఏది?"

"పిల్ల సంగతి. ఆదివారం సంగతి."

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. "హమ్మయ్య. నీకూ చెప్పేసిందా? ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకోలేక చచ్చాననుకో."

ఇన్నాళ్ళూనట! ఆవిడ గోడ పట్టుకుంది. అడగాల్సినవి వంద ఉన్నాయి. అబ్బాయి వయసెంత, సంపాదనెంత, అన్నీ కలిసి గొంతులో ఇరుక్కుని ఒక్క ముక్కే బయటికొచ్చింది.

"ఎంత?"

"నలభై రెండు."

"నలభై రెండా!"

"నలభై రెండూ చిల్లర. ఆ చిల్లరే మనిషిని తినేస్తుందట. మాస్టారు చెప్పాడు."

"దాని వయసెంత, ఆ నలభై రెండెంత! కన్నతండ్రై ఉండి మీరెలా ఒప్పుకున్నారండీ?"

"ఈ వయసులో కాకపోతే ఇంకెప్పుడు చేస్తుందే? మొదట్లో నేనూ వద్దనే అన్నా. ఇరవై ఒకటితో సరిపెట్టుకోవే, నీకు హాయిగా ఉంటుంది అన్నా. వింటేనా!"

"ఇరవై ఒకటిది కూడా ఉందా?"

"ఉంది. అదే రోజు, అక్కడే. నిజానికి ఎక్కువమంది దానికే పోతారు."

వందలాది జంటలు వరసగా నిలబడి ఉన్నట్టు ఆవిడకి కనిపించింది. "మధ్యలో వద్దనిపిస్తేనో?" అంది నీరసంగా.

"అనిపిస్తే ఆగిపోవచ్చు. బండి తిప్పుతూ ఉంటారు. ఎక్కించుకొచ్చి దింపేస్తారు, ఏమీ అనరు." ఆయన తృప్తిగా మంచినీళ్ళు తాగాడు. "నువ్వింత నెమ్మదిగా తీసుకుంటావనుకోలేదు సుమా. కానీ నీకు తెలిసినట్టు దాని దగ్గర బయటపడకు. అయ్యాక తనే చెప్పాలని దానికి సరదా."

అయ్యాక! అయ్యాక చెప్పేది చెప్పడమా, చాటింపా! ఆవిడ కొళాయి విప్పి ఆ చప్పుడులో ఏడ్చింది.

ఏడ్చాక ఉపాయం తట్టింది. వాడి బూట్లు మన ఇంట్లో ఉన్నాయి. బూట్లు లేకుండా వాడు పెళ్ళికెలా వస్తాడు? శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు బకెట్టు నిండా నీళ్ళు పట్టి, లాండ్రీ నుంచి తెచ్చిన సబ్బుపొడి కుమ్మరించి, బూట్లు నిలువునా ముంచింది. పైకి తేలుతుంటే మీద రుబ్బురాయి పెట్టినట్టు ఇస్త్రీపెట్టె పెట్టింది. ఆ పొట్టి వేళ్ళ తొడుగుల్ని కూడా వదల్లేదు.

సాయంత్రం కూతురొచ్చి బకెట్టు చూసి కొయ్యబారిపోయింది.

"అమ్మా! ఇదేంటమ్మా!"

"మురికిగా కనపడితేనూ..."

"కొత్తవమ్మా అవి!"

"కొత్తవాటికే మురికి తొందరగా పడుతుంది."

తల్లీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. రేపు ఎందుకు కావాలో పిల్ల చెప్పలేదు. ఎందుకు తడిపిందో తల్లి చెప్పలేదు. బూట్లలోంచి నురగ మాత్రం బుడబుడా పొంగుతోంది. తండ్రి వచ్చి సంగతి చూసి పాత పేపర్లు ఉండలు చుట్టి బూట్లలో కుక్కి, టేబుల్ ఫ్యాను ముందు పెట్టాడు. పాత బూట్లేసుకోరాదూ అన్నాడు మెల్లగా. "అడుగు అరిగి చిల్లు పడింది నాన్నా, అందుకేగా ఇవి కొన్నది," అంది పిల్ల ఇంకా మెల్లగా.

ఆదివారం చీకటి విడుతుండగా తండ్రీకూతుళ్ళు పిల్లుల్లా బయటికి జారుకున్నారు. బట్టలు మార్చుకోకుండానే పడుకున్న అమ్మోగారు చెప్పులు చేత్తో పట్టుకుని వాళ్ళ వెనకే నడిచింది.

మైదానం జనంతో కిటకిటలాడుతోంది. ఆడా మగా అందరూ నిక్కర్లలో ఉన్నారు. ప్రతివాళ్ళ రొమ్ము మీదా ఒక నంబరు చీటీ, ఉతుక్కి వేసిన బట్టల్లాగా. నిక్కర్ల పెళ్ళిళ్ళా ఇవి! అంతలో గుంపులో పిల్ల కనిపించింది. ఆమె భుజం మీద చెయ్యి వేసి, చెవిలో ఏదో చెబుతూ ఒక మనిషి. మెడలో విజిలు. తలంతా తెల్లగా ముగ్గుబుట్ట.

నలభై రెండా ఇతనికి! ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"ఆపండి! ఆపండీ పెళ్ళి!" అని అరుస్తూ జనంలోకి దూసుకుపోయింది. సరిగ్గా అప్పుడే పెద్ద శబ్దంతో హారన్ మోగింది. జనమంతా ఒక్కసారిగా పరుగు లంకించుకున్నారు. ఇదంతా తన కేకకే అనుకుని ఆవిడ కూడా హడలిపోయింది. పరిగెడుతున్న వాళ్ళలో కూతురి వీపు ఒక్క క్షణం కనపడి మాయమైంది.

భర్త పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఏమే, నువ్వెందుకొచ్చావ్? ఎవరి పెళ్ళి?"

"ఆ ముసలాడికి నలభై రెండని అబద్ధమాడతారా?"

"ముసలాడెవరు? నలభై రెండు కిలోమీటర్లే! పరుగు! నీకు చెప్పాగా మొన్న!"

అమ్మోగారు నోరు తెరుచుకుని నిలబడిపోయింది. పెళ్ళి లేదు. అల్లుడు లేడు. ముఠా లేదు. ఆనందంతో కళ్ళు చెమర్చబోతుండగా అసలు మాట బుర్రకెక్కింది.

"నలభై రెండు కిలోమీటర్లా! కాళ్ళతోనా! అమ్మో, దీనికన్నా ముసలాడికిచ్చి చేసినా పిల్ల ప్రాణాలతో ఉండేది కదండీ!"

ఇది తెల్లజుట్టాయన విన్నాడు. ఆయన పిల్లకి పరుగు నేర్పే మాస్టారు, రిటైరైన డ్రిల్లు టీచరు. ఆయన తన కారులో వాళ్ళిద్దర్నీ ఎక్కించుకుని, దారి సగం దాటాక ఉండే నీళ్ళ పందిరి దగ్గరికి బయల్దేరాడు. దారిలో ఆవిడ వెనక సీట్లోంచి అడగలేక అడిగింది.

"మాస్టారూ, మరి పొక్కనివ్వనంది కదా. ఆ రహస్యమేంటి?"

"రహస్యమేముందమ్మా, పాదాలు! పాదాలు పొక్కకుండా చూసుకోమన్నా. దూరం పరిగెత్తేవాళ్ళని పడగొట్టేది గుండే కాదు, ఊపిరీ కాదు. చిన్న బొబ్బ. అందుకే కాస్త పెద్ద సైజు బూట్లు కొనిపించా, పరిగెత్తే కొద్దీ పాదం ఉబ్బుతుంది కదా. వేలికీ వేలికీ రాపిడి లేకుండా వేళ్ళ మేజోళ్ళు. ఒరుసుకునే చోట జిడ్డు. మడమకి ముందే ప్లాస్టరు. అన్నీ చేసింది పిల్ల. ఇంక ఒక్కటే జాగ్రత్త: తడి. చర్మం నానిందా, మెత్తబడి కాసేపట్లో పైపొర లేచిపోతుంది, మధ్యలోకి నీరు చేరుతుంది. పొడిగా ఉన్నంతసేపూ దిగుల్లేదు."

ముందు సీట్లో బస్సు డ్రైవరు కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"మాస్టారూ," అంది ఆవిడ. "పేపర్లు కుక్కి ఫ్యాను కింద పెడితే బూట్లు ఆరతాయా?"

"పైన ఆరతాయి," అన్నాడాయన. "లోపల ఆరవు. ఎందుకమ్మా?"

నీళ్ళ పందిరి పక్కన చిన్న ప్రథమ చికిత్స గుడారం ఉంది. అందులో ఒక నర్సు, మడత మంచం, దూది. అమ్మోగారు రోడ్డు వంక చూస్తూ నిలబడింది. వస్తున్న ప్రతి పిల్లా తన పిల్లలాగే ఉంది, ప్రతి పిల్లా చచ్చిపోయేలాగే ఉంది. చాలాసేపటికి కూతురు వచ్చింది. ఎడమ కాలు నేలకి తగిలీ తగలనట్టు కుంటుతోంది. తల్లిని చూడగానే ఆ కుంటు మాయమైపోయింది. నిటారుగా నిలబడి, పళ్ళు కనపడేలా నవ్వింది.

"ఏం లేదమ్మా! ఏం లేదు! బానే ఉన్నా!"

ఆ నవ్వు చూసేసరికి అమ్మోగారికి ఎక్కడో కలుక్కుమంది. రక్తం చూసినా అంత బాధ కలిగేది కాదేమో. నొప్పిగా ఉన్న పిల్ల, తల్లి కనపడగానే నొప్పి దాచుకుంటోంది. తన వల్లే. ఆవిడ నోట్లో "అమ్మో" సిద్ధంగా ఉంది. దాన్ని పళ్ళతో బిగపట్టి మింగేసింది.

నర్సు పిల్లని మంచం మీద కూర్చోబెట్టి బూటు విప్పింది, మేజోడు ఒలిచింది. ప్లాస్టరు తడికి ఊడిపోయి మడతలు పడి ఉంది.

"కాలు కదలకుండా ఎవరైనా పట్టుకోండి," అంది నర్సు. "అరవని వాళ్ళు పట్టుకోండి."

మాస్టారూ, బస్సు డ్రైవరూ ఒకేసారి ముందుకొచ్చారు. ఆవిడ ఇద్దర్నీ మోచేతుల్తో తోసేసి చీలమండ పట్టుకుంది.

"నాకు కనపడట్లేదమ్మా," అంది పిల్ల, మెడ తిప్పి చూడబోతూ. "ఎంతుంది?"

గుడారంలో అందరూ ఆవిడ వంక చూశారు. వేలు తెగితే చెయ్యి పోయిందని చెప్పే మనిషి. బస్సు డ్రైవరు కళ్ళు మూసుకున్నాడు.

అమ్మోగారు వంగి, రోజూ బట్టల మీద మరకలు చూసే కళ్ళతో, మడమని పరీక్షగా చూసింది. "కోటు గుండీ అంతుంది," అంది. "ఉబ్బి ఉంది, చిట్లలేదు. లోపల తెల్లటి నీరే. చుట్టూ కాస్త ఎర్రగా ఉంది. అంతే."

"చొక్కా గుండీయా, కోటు గుండీయా?"

"కోటుదే. నీతో అబద్ధమెందుకు."

నర్సు కూడా వంగి చూసి తలూపింది. చిన్నదైతే ముట్టుకోకుండా, మధ్యలో చిల్లున్న మెత్తటి బిళ్ళ అంటించి పంపేదాన్ననీ, ఇది అడుగేసినప్పుడల్లా నలిగే చోట ఉంది కాబట్టి నీరు తీయాలనీ చెప్పింది. చేతులు కడుక్కుని, స్పిరిట్‌తో చోటంతా తుడిచి, సీలు విప్పిన కొత్త సూదితో అంచున, అడుగు వైపు, చిన్నగా గుచ్చింది. నీరు జారింది. దూదితో అద్దింది.

"పైన ఆ తోలు పీకేస్తారా?" అంది ఆవిడ.

"అస్సలు పీకకూడదు. లోపల పచ్చిగా ఉంటుంది, దానికి అదే కప్పు. ఇంటికెళ్ళాక కూడా పీకకండి. ఎర్రబడి చీము పట్టినా, జ్వరమొచ్చినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి."

"చీము" అన్న మాట దగ్గర ఆవిడ చెయ్యి ఒక్కసారి బిగిసింది కానీ నోరు తెరుచుకోలేదు.

నర్సు మందు రాసి, అంటుకోని గుడ్డ వేసి, ముడత లేకుండా ప్లాస్టరు చుట్టింది. రెండో పాదం అమ్మోగారే తీసుకుని వేలి సందులన్నీ తుడిచింది, రుద్దకుండా, పట్టుబట్ట మీద మరక అద్దినట్టు. మాస్టారు సంచిలోంచి పొడి మేజోళ్ళూ, తన మనవరాలి బూట్ల జతా తీశాడు. ముందు జాగ్రత్తకి తెచ్చాడట.

"పొద్దున వేసుకునేటప్పుడే చెమ్మగా ఉన్నాయి బూట్లు," అంది పిల్ల.

"నేనే నానబెట్టా. కావాలనే."

"ఎందుకమ్మా!"

"నువ్వు పెళ్ళి చేసుకోబోతున్నావనుకున్నా."

"ఎవర్ని?"

ఆవిడ గడ్డంతో మాస్టారి వైపు చూపించింది.

పిల్ల ఒక్క క్షణం అర్థంకాక చూసింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "కాలు కదపొద్దన్నానా!" అని నర్సు కసిరింది. మాస్టారు గంభీరంగా "మా ఆవిడ ఒప్పుకోదమ్మా" అన్నాడు. బస్సు డ్రైవరు గుడారం బయటికెళ్ళి నవ్వొచ్చాడు.

నవ్వు తగ్గాక పిల్ల కన్నీళ్ళు తుడుచుకుంది. అవి నవ్వు వల్ల వచ్చినవో కావో తెలియలేదు. ఉన్నట్టుండి గొంతు తగ్గించి, "అమ్మా, మడమ బాగా మండుతోందే," అంది. "వేసే ప్రతి అడుగుకీ. మోకాలు కూడా నిన్నట్నించి పట్టేస్తోంది. మాస్టారికి కూడా చెప్పలేదు. ఏం చెయ్యమంటావ్? ఆపెయ్యనా?"

తనకే చెప్పింది. అందరికన్నా ముందు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన క్షణం ఇదే, కాకపోతే ఇది ఇంత బరువుగా ఉంటుందని ఆవిడ అనుకోలేదు. ఆపెయ్యమని చెప్పడానికి ఒంట్లో ప్రతి ఎముకా తయారుగా ఉంది. పిల్ల ముఖంలోకి చూసింది. ఆపెయ్యమంటే ఆపేస్తుంది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఇంకేదీ చెప్పదు.

"నీకేమనిపిస్తోంది?" అంది.

"పోవాలని."

"అయితే పో. పరిగెత్తకు, నడువు. మోకాలు ఇంకా పట్టేస్తే అక్కడే ఆగి మాస్టారికి ఫోన్ కొట్టు. ఇందాకటి ఆ నవ్వు మాత్రం నా దగ్గర నవ్వకు."

పిల్ల లేచి నాలుగడుగులు వేసి చూసి, రోడ్డెక్కింది. మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా అమ్మోగారు చెయ్యి ఊపుతూనే ఉంది. ఆ తర్వాత మంచం మీద కూలబడి, ఇంతసేపూ మింగినవన్నీ కలిపి ఒక్క బొబ్బ పెట్టింది. పందిరిలో నీళ్ళ గ్లాసులు పట్టుకున్న వాళ్ళంతా ఉలిక్కిపడి "ఏమిటా బొబ్బ!" అన్నారు. నర్సు పరిగెత్తుకొచ్చి "బొబ్బ ఎవరికి?" అంది.

పిల్ల చివరి గీత దాటేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. డేరాలు పీకేస్తున్నారు, మైకువాడు వెళ్ళిపోయాడు. ఆమె వెనక ఇంకా ముగ్గురో నలుగురో ఉన్నారంతే. మెడలో పతకం వేశాక, ఆమె నేరుగా వచ్చి తల్లి ఒళ్ళో రెండు కాళ్ళూ పెట్టేసింది.

ఇంటికెళ్తూ మాస్టారి బండిలో వెనక సీట్లో ఆమె నోరు ఆగలేదు. ప్లాస్టరు బాగానే నిలిచిందట కానీ కుడికాలి బొటనవేలి గోరు నల్లబడిందట, బహుశా ఊడిపోతుందట. ఊడటం ఇది మొదటిసారి కాదట, పోయినసారి ఊడినప్పుడు వేలికి గుడ్డ చుట్టుకుని తలుపు తగిలిందని చెప్పిందట. వానాకాలంలో ఒకసారి మైదానంలో స్పృహ తప్పి పడిందట, కొద్దిసేపేనట. కుక్క కూడా ఒకసారి తరిమిందట, కరిచిందో లేదో సరిగ్గా గుర్తులేదట.

బస్సు డ్రైవరు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి చూశాడు. అమ్మోగారి ముఖం పాలిపోయి ఉంది. కూతురి పాదాలు మాత్రం ఒళ్ళో భద్రంగా పట్టుకునే ఉంది.

"ఆ షాపు మెట్ల మీద పడ్డ సంగతి చెప్పానా అమ్మా? అది అసలు..."

"ఇవాళ్టికి చాలే తల్లీ," అంది ఆవిడ. "రేపటిక్కూడా కాసిని ఉంచు."